అప్‌డేట్: టర్బోలో విరిగిన స్టడ్ బయటికి వచ్చింది

నా డీజిల్ కారు టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) సైలెన్సర్ పైపును బిగించే 8 మిల్లీమీటర్ల స్టడ్ (తల లేని బోల్టు) అంచుకు సమానంగా విరిగింది, ఎలా తీయాలని గతవారం ఇక్కడ అడిగాను. డ్రిల్ చేసి ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన ముక్కను పట్టి తిప్పి తీసే పనిముట్టు) వేయమని కొందరు సూచించారు గానీ, గట్టి ఉక్కుతో చేసిన ఆ పనిముట్టు లోపలే విరిగితే మళ్లీ డ్రిల్ దిగదన్న భయంతో దాని జోలికి పోలేదు.

టర్బోను విప్పి రాయగడలో మాకు తెలిసిన వెల్డింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన నిప్పురవ్వలు లోపల పడకుండా మూతికి తడిగుడ్డ కట్టి, రెండు రాత్రులు తుప్పు వదిలించే నూనెలో నానిన ఆ ముక్కపై నట్టు ఆనించి, దాని రంధ్రంలోంచి వెల్డింగ్ నింపారు. మొదటి నట్టు ఊడిపోయింది. రెండోది ఎరుపు తగ్గి నల్లబడ్డాక స్పానరుతో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిపితే, కిర్రుమంటూ తుప్పు పొడి రాలుస్తూ ముక్క వచ్చేసింది.

1.25 పిచ్ (మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు) ట్యాపుతో, అంటే మరలు కోసే పనిముట్టుతో, రంధ్రంలోని మరలు శుభ్రం చేశాం. మిగతా స్టడ్లనూ, అతుకు దగ్గర లీకు కాకుండా వేసే గాస్కెట్‌నూ మార్చాం. ఇప్పుడు పొగ లీకు లేదు.