అడవిలో దొరికిన గొంగళి పురుగుని ఇంటికి తెచ్చి పెంచడం కరెక్టేనా?

గుంపెన_కొమ్మ:
మొన్న ఆదివారం మా ఊరి దగ్గర గుట్టల్లోకి మాత్ (ఎక్కువగా రాత్రిళ్ళు తిరిగే సీతాకోకచిలుక లాంటిది) గొంగళి పురుగులు వెతకడానికి వెళ్ళాం. గుంపెన చెట్టు మీద లూనా మాత్ పిల్లలు కనిపించాయి, బొటనవేలంత లావు, ఆకు పచ్చ ఒళ్ళు, దాని మీద పసుపు బుడిపెలు. అందరం ఫొటోలు తీసుకున్నాక ఒకాయన రెండింటిని డబ్బాలో వేసుకుని హైదరాబాద్ పట్టుకెళ్ళిపోయారు, పెంచి వదిలేస్తారంట. అప్పట్నుంచి మా గ్రూప్‌లో ఇదే గొడవ. నేనైతే తప్పే అంటాను. లూనా మాత్ రెక్కలొచ్చాక ఏమీ తినదు, బతికేది కొద్ది రోజులే, ఆ కొద్ది రోజుల్లోనే ఆడది వాసన వదలాలి, మగది ఎక్కడో దూరం నుంచి అది పసిగట్టి రావాలి. అలాంటిదాన్ని సిటీలో బాల్కనీలోంచి వదిలితే దాని జత ఎక్కడుంటుంది చెప్పండి. మీరేమంటారు?

తెల్లగుడ్డ_లైటు:
అండి, తెచ్చిన చోటే వదలాలి అన్నది వంద శాతం ఒప్పుకుంటా. కానీ అసలు పెంచడమే వద్దంటే నేను ఒప్పుకోను. మన దేశంలో 10,000 పైగా రకాల మాత్‌లున్నాయి, వాటిలో చాలావాటి పిల్లలు ఎలా ఉంటాయో ఏ ఆకు తింటాయో ఎవరూ రాసిపెట్టలేదు. రాత్రి తెల్లగుడ్డ కట్టి లైటు వేస్తే పెద్ద మాత్ వచ్చి వాలుతుంది సరే, అది ఏ చెట్టు మీద పెరిగిందో ఎలా తెలుస్తుంది? పురుగుని అదే చెట్టు ఆకు పెట్టి పెంచి రెక్కలొచ్చేదాకా చూస్తేనే పిల్ల ఇది, తల్లి ఇది అని ముడి పడుతుంది. ఇంకోటి, ఒక్కోసారి పురుగులోంచి మాత్ బదులు ఈగ బయటికొస్తుంది, లేదా కందిరీగ జాతి చిన్న పురుగులు బయటికొచ్చి దాని వీపు మీదే తెల్ల గూళ్ళు కట్టుకుంటాయి. ఏ పురుగుని ఏ ఈగ తింటుందో కూడా పెంచినవాళ్ళ వల్లే తెలిసింది.

పెరటి_నందివర్ధనం:
నేను రాజమండ్రి నుంచండి, అడవికి ఎప్పుడూ వెళ్ళలేదు, మా పెరట్లోనే వెతుకుతా. నందివర్ధనం కింద గచ్చు మీద మిరియాల్లాంటి రెట్టలు, వాటి మీద గాడులు గాడులుగా ఉంటాయి, అవి కనిపిస్తే సరిగ్గా దాని పైన కొమ్మ చూడండి, గన్నేరు హాక్ మాత్ పిల్ల ఉంటుంది. పచ్చగా, తల వెనక రెండు నీలం కళ్ళ మచ్చలు, తోక మీద చిన్న కొమ్ము. మా పాప ఆ కళ్ళు చూసి మొదట భయపడింది, ఇప్పుడు స్కూల్ నుంచి రాగానే చెట్టు దగ్గరికే పోతుంది. అందరికీ ఒక్క మాట చెప్పాలి, ఈ పురుగు గోధుమ రంగుకి మారి చెట్టు దిగి నేల మీద గబగబా పోతుంటే పాపం పడిపోయింది అనుకుని మళ్ళీ ఎక్కించకండి, తిండి అయిపోయి రాలిన ఆకుల్లోకి ప్యూపాగా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) మారడానికి పోతోంది. డబ్బాలో పెట్టకుండానే ఇదంతా చూశాం, చెట్టు ఇంటి దగ్గరుంటే డబ్బా ఎందుకండీ?

మద్దిచెట్టు_దసలి:
అన్నా, మాది మహదేవపూర్ దిక్కు, మా ఇండ్లల్ల దసలి పట్టు (టసర్ సిల్కు) పురుగుల్ని పెంచుతరు. నల్లమద్ది చెట్ల మీద పురుగుల్ని ఇడిసి పొద్దంత కావలి ఉంటరు, కాకులొస్తయి, చీమలొస్తయి, కందిరీగలొస్తయి. ఊజీ ఈగ అయితే పురుగు ఒంటి మీద తెల్లటి సన్న గుడ్డు పెడ్తది, అది పొదిగి ఈగ పిల్ల లోపలికి పోయినాక ఆడ నల్ల మచ్చ మిగుల్తది, మచ్చ చూడంగనే మావోళ్ళకు తెలుస్తది ఇగ ఈ పురుగు దక్కదని. ఇంత కావలి ఉన్నా చానా పోతయి, కావలి లేని అడవిల ఎన్ని మిగుల్తయో మీరే ఆలోచించున్రి. అందుకే రెండు పురుగులు తెస్తే అడవి పాడైతది అంటే నేను నమ్మ. భయమంతా కాయలతోని, అంటే పురుగు కట్టుకునే పట్టుగూళ్ళతోని. కొమ్మకు గట్టి కాడతోని వేలాడే దసలి కాయ దూరం నుంచే కనపడ్తది, దొరికిన కాయల్లా తెంపుకపోతే మల్ల గుడ్లు పెట్టేదేది? మా దిక్కు అడవి రకాన్ని ఆంధ్రా లోకల్ అంటరు, అది ఇప్పటికే మస్తు తగ్గింది. పురుగు కంటే కాయ ముట్టకున్రి.

గుంపెన_కొమ్మ:
తమ్ముడూ కాయ మాట నూటికి నూరుపాళ్ళు నిజం, అసలు నేనే ముందు చెప్పాల్సింది. కానీ పురుగులు ఎలాగూ చస్తాయి కదా అన్న లెక్క నాకు నచ్చదు. ఊజీ ఈగకైనా కాకికైనా అది తిండి, చచ్చినా అడవిలోనే ఎవరికో పనికొస్తుంది, డబ్బాలో ఆకు చెమ్మకి బూజు పట్టి చస్తే ఎవరికి? తెల్లగుడ్డ గారూ, మీరు తెలియని పురుగుని తెచ్చి రికార్డ్ కోసం పెంచుతానంటే నాకు అభ్యంతరం లేదు. లూనా పిల్ల చిన్నప్పుడు ఎర్రగా నల్ల పట్టీతో ఉంటుంది, పెద్దయ్యాక పచ్చ, ఇదంతా ఎప్పుడో రాసిపెట్టారు. మళ్ళీ దాన్నే తెచ్చి ఏం కనుక్కుంటాం?

తెల్లగుడ్డ_లైటు:
సరే, తెలిసినవి చెట్టు మీదే, తెలియనివి మాత్రమే డబ్బాలోకి, అదీ వదిలేది అదే చెట్టు దగ్గర. ఇది నేను పాటిస్తా. శాంక్చువరీ, నేషనల్ పార్క్‌లో అయితే పర్మిషన్ లేకుండా ఏదీ తీసుకోకూడదు, అక్కడ చర్చే లేదు.

గుంపెన_కొమ్మ:
యూవీ టార్చ్ (అతినీలలోహిత కాంతి టార్చ్) సంగతి కూడా తేల్చండి. రాత్రి అది వేస్తే చాలా పురుగులు ఆకుల మధ్య మెరుస్తూ దొరికిపోతున్నాయి, పగలు గంటసేపు వెతికినా కనపడనివి నిమిషంలో కనపడుతున్నాయి. ఇంకేముంది, జనం డబ్బాలతో సహా వస్తున్నారు. నేనైతే ఇకనుంచి ఫొటో పెట్టినా చెట్టు లొకేషన్ పెట్టను.

పెరటి_నందివర్ధనం:
లొకేషన్ వద్దు కానీ చెట్టు పేరు, ఆకు ఫొటో మాత్రం తప్పకుండా పెట్టండి, అవి లేకపోతే మాలాంటివాళ్ళు ఏ చెట్టు కింద వెతుక్కోవాలండీ.