ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది, విండోస్ మళ్లీ వేయించినా అంతే. ర్యామ్ పెంచాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా తమ్ముడి చదువు కోసం 2020లో కొన్న ల్యాప్‌టాప్, ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ కూడా ఉంది. ఈమధ్య ఛార్జర్ పెట్టి ఉంచినా క్రోమ్ తెరుచుకోవడానికే యుగం పడుతోంది, టైప్ చేసిన అక్షరం కాసేపటికి గానీ తెరమీద పడటం లేదు. ఛార్జర్ తీస్తే 40 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోతుంది. షాపులో విండోస్ మళ్లీ వేశారు, ఏం మారలేదు. ఇప్పుడు ర్యామ్ పెంచమంటున్నారు. సోమవారం నుంచి వాడికి ఆన్‌లైన్ పరీక్షలు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
డబ్బులు పెట్టకండి, ఆగండి. 40 శాతం దగ్గర ఆగిపోతోందంటే నా అనుమానం బ్యాటరీ మీదే. ఛార్జర్ పెట్టి, ఏదో ఒక వీడియో నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత సీపీయూ (అంటే ప్రాసెసర్) నొక్కండి. అక్కడ స్పీడ్, బేస్ స్పీడ్ అని రెండు అంకెలుంటాయి, అవి చెప్పండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో అదే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో బ్యాటరీ పట్టాల్సిన ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పడుతున్నది) ఎంతున్నాయి?

ప్రశ్న అడిగినవారు:
చూశానండి. బేస్ స్పీడ్ 1.60, కానీ స్పీడ్ 0.39 దాటడం లేదు. డిజైన్ 42,000, ఫుల్ ఛార్జ్ 9,300. ఇంకో సంగతి, టచ్‌ప్యాడ్ ఒక మూల కొంచెం పైకి లేచింది, అటువైపు క్లిక్ పడటం లేదు.

జవాబు:
మీరు చివర్లో చెప్పినదే అన్నిటికంటే ముఖ్యం. ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్ ఆపేయండి, ఇప్పుడే. లోపల బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. లేచిన మూలను నొక్కి సర్దాలని చూడకండి, లిథియం సెల్ చిరిగితే మంట అంటుకోవచ్చు. పరుపు మీదో పుస్తకాల మధ్యో కాకుండా గచ్చు మీద పెట్టండి, తీయడం మెకానిక్‌కే వదిలేయండి.

ఇక స్లో ఎందుకంటే, పని ఒక్కసారిగా పెరిగినప్పుడు ల్యాప్‌టాప్ మొత్తానికి కావలసిన కరెంటు క్షణంపాటు ఛార్జర్ ఇవ్వగలిగినదాన్ని మించిపోవచ్చు, ఆ లోటు బ్యాటరీ పూడుస్తుంది. బ్యాటరీ ఆ బరువు మోయలేదని తెలిస్తే మిషన్ ఉన్నపళంగా ఆరిపోకుండా చాలా మోడళ్లలో మదర్‌బోర్డే ప్రాసెసర్ వేగాన్ని కట్టేస్తుంది. మీ 0.39 అదే అయి ఉంటుంది. ఆ ఆదేశం విండోస్ ఇచ్చేది కాదు కాబట్టి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా, ఎంత ర్యామ్ వేసినా లాభం లేదు.

ఇంకొకరు:
అక్కా, థ్రాటిల్‌స్టాప్ అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో బీడీ ప్రోక్‌హాట్ (వేగం తగ్గించమని ప్రాసెసర్‌కి బోర్డు ఇచ్చే సంకేతం) టిక్ తీసేస్తే స్పీడ్ వచ్చేస్తుంది. పరీక్షలు అయ్యేదాకా లాగించవచ్చు.

జవాబు:
తమ్ముడూ, స్పీడ్ వస్తుంది, కాదనను. కానీ అది ప్రమాదం ఉందని బోర్డు ఇస్తున్న హెచ్చరికను వినకుండా చేయడం. ఉబ్బిన బ్యాటరీ ఉన్న మిషన్ మీద దయచేసి ఎవరికీ ఈ సలహా ఇవ్వకండి. బ్యాటరీ బాగుండి ఛార్జర్ మాత్రమే పాడైతే అది వేరే కథ. ఉదాహరణకి డెల్ ల్యాప్‌టాప్‌ల గుండ్రటి ఛార్జర్ పిన్ మధ్యలో సన్నని సూది ఉంటుంది, ఛార్జర్ ఎన్ని వాట్లదో మిషన్‌కి తెలిసేది దాని ద్వారానే. అది వంగినా విరిగినా సరిగ్గా ఇలాగే స్లో అవుతుంది, బ్యాటరీ ఛార్జింగ్ కూడా ఎక్కదు. అందుకని అక్కగారూ, షాపులో అదే వాట్ల ఇంకో ఛార్జర్ పెట్టి కూడా చూడమనండి.

ప్రశ్న అడిగినవారు:
బ్యాటరీ తీసేసి ఛార్జర్ మీద పరీక్ష రాయొచ్చా? మేం హైదరాబాద్‌లోనే ఉంటాం.

జవాబు:
కొన్ని మోడళ్లు బ్యాటరీ లేకపోయినా వేగం తగ్గించేస్తాయి, పైగా పరీక్ష మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్తే శనివారమే పని అయిపోవచ్చు. పాత బ్యాటరీ స్టిక్కర్ మీద ఉన్న పార్ట్ నంబరు, వోల్టేజీ కొత్తదాంతో సరిపోవాలి. బిగించాక అక్కడే ఇందాకటి రిపోర్టు మళ్లీ తీసి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ డిజైన్‌కి దగ్గరగా ఉందో లేదో చూసుకుని, స్పీడ్ 1.60 దాటాకే డబ్బులివ్వండి. పాతది చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్‌కి పంపమని వాళ్లకే ఇచ్చేయండి. అప్పటిదాకా ఎవరిదైనా ఇంకో ల్యాప్‌టాప్ అడిగి పెట్టుకోండి.