మైగ్రేషన్‌కు ముందు డేటాబేస్‌లోని అక్కర్లేని రికార్డులను ఎలా తీసేయాలి?

ప్రశ్న

నమస్కారం. కొన్నేళ్లుగా మైఎస్‌క్యూఎల్‌లో నడుస్తున్న ఆర్డర్ల డేటాబేస్‌ను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వ్యవస్థకు మార్చే పని (మైగ్రేషన్) నాకు అప్పగించారు. అందులో గడువు తీరిన లాగిన్ సెషన్లు, పాత లాగ్ వివరాలు, పరీక్షల కోసం తెరిచిన ఖాతాలు, ‘తొలగించినది’ అని గుర్తు పెట్టి అలాగే ఉంచేసిన రికార్డులు పేరుకుపోయాయి. వీటిని ముందే తీసేస్తే పని తేలికవుతుందన్న ఉద్దేశంతో టెస్ట్ సర్వర్‌లోని లాగ్ టేబుల్‌పై ఒకే డిలీట్ ఆదేశం ఇచ్చి చూశాను. అది గంటల తరబడి నడిచింది, పూర్తయ్యాక కూడా డిస్క్‌లో ఖాళీ పెరగలేదు. ఏవి తీసేయాలి, ఏ క్రమంలో తీసేయాలి అన్నది అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

డిస్క్ విషయంలో కంగారు పడకండి. మైఎస్‌క్యూఎల్ డేటాను నిల్వచేసే ఇంజిన్ అయిన ఇన్నోడీబీలో వరుసలను (రికార్డులను) తొలగిస్తే ఆ చోటు అదే టేబుల్‌లో చేరే కొత్త వరుసలకు పనికొస్తుందే తప్ప, ఫైల్ పరిమాణం దానంతటదే తగ్గదు. తగ్గాలంటే ఆప్టిమైజ్ టేబుల్ ఆదేశంతో టేబుల్‌ను తిరిగి నిర్మించాలి. మీరు ఆ సర్వర్‌నే వదిలి వెళుతున్నారు కాబట్టి ఆ శ్రమ అనవసరం.

నా అభిప్రాయంలో, మీరు తొలగించాలనుకుంటున్న వాటిలో చాలా భాగాన్ని అసలు తొలగించనక్కర్లేదు, కొత్త చోటికి తీసుకువెళ్లకుండా ఉంటే చాలు. సెషన్ల టేబుల్ నిర్మాణాన్ని మాత్రం కొత్త డేటాబేస్‌లో సృష్టించి డేటాను వదిలేయండి, వాడుకరులు మరొకసారి లాగిన్ అవుతారు, అంతే. లాగ్‌లో కొంతకాలపు సమాచారం కావాలనుకుంటే, డేటాను బయటికి తీసేటప్పుడే తేదీ షరతు పెట్టి అంతవరకే తీసుకోండి. ఇలా చేస్తే పాత డేటాబేస్ చెక్కుచెదరకుండా ఉంటుంది, మీ షరతు తప్పయినా మళ్ళీ మొదలుపెట్టే వీలుంటుంది.

‘తొలగించినది’ అన్న గుర్తున్న రికార్డుల దగ్గర మాత్రం తొందరపడవద్దు. ఒక కస్టమర్ తన ఖాతాను మూసివేసినా, ఆయన చేసిన ఆర్డర్లు లెక్కల విభాగానికి ఇంకా అవసరం కావచ్చు. కస్టమర్ వరుసను వదిలేసి ఆర్డర్లను మాత్రం తీసుకువెళితే ఆ ఆర్డర్లు ఎవరివో చెప్పే ఆధారమే పోతుంది. ఏ రికార్డును ఎంతకాలం ఉంచాలన్నది డేటాబేస్ చూసేవారు ఒంటరిగా తేల్చే విషయం కాదు, ఆ సమాచారాన్ని వాడే విభాగాల చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

అడిగినవారు

ధన్యవాదాలండి. సెషన్ల సంగతి అర్థమైంది. కానీ ప్రయోగాత్మకంగా డేటాను ఎక్కించినప్పుడు, ఆర్డర్ల టేబుల్‌లో లేని ఆర్డర్ సంఖ్యలు ఆర్డర్ వివరాల టేబుల్‌లో ఉన్నాయంటూ ఫారిన్ కీ (ఒక టేబుల్‌లోని విలువ మరో టేబుల్‌లో తప్పక ఉండాలన్న నియమం) దగ్గర పని ఆగిపోయింది. పాత డేటాబేస్‌లోనూ ఫారిన్ కీలు ఉన్నాయి కదా, ఇవి ఎలా చేరి ఉంటాయి? వీటినైనా తొలగించక తప్పదేమో?

రెండవ సమాధానం

ఇవి అనాథ వరుసలు, అంటే తాము సూచించే ఆర్డర్ లేకుండా మిగిలిపోయినవి. ఎప్పుడో డేటాను వేగంగా ఎక్కించడానికి ఫారిన్ కీ తనిఖీని ఆపి ఉంటారు. తనిఖీని తిరిగి ప్రారంభించినా మైఎస్‌క్యూఎల్ అప్పటికే చేరిన వరుసలను వెనక్కి వెళ్లి పరిశీలించదు. టేబుల్ ఒకప్పుడు మైఐసామ్ అనే మరో నిల్వ ఇంజిన్‌లో ఉండి ఉంటే అక్కడ ఫారిన్ కీల అమలే లేదు. తొలగించే ముందు ఇవి ఏ కాలానివో, వీటిలో సొమ్ము వివరాలు ఉన్నాయో లేదో చూడండి, ఎందుకంటే అక్కర్లేనివి ఈ వివరాలో, పొరపాటున పోయినవి ఆ ఆర్డర్లో ముందుగా తేలాలి.

ఇలాంటి వరుసలను వెతికే క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ఆదేశాన్ని) నాట్ ఎగ్జిస్ట్స్ అనే షరతుతో రాయండి. అదే పనికి వాడే నాట్ ఇన్ షరతుతో ఒక చిక్కు ఉంది. ఉదాహరణకు, ఒక్క ఆర్డరూ లేని పరీక్ష ఖాతాలను వెతుకుతున్నారనుకోండి. ఖాతా లేకుండా కొన్న ఆర్డర్లలో కస్టమర్ సంఖ్య నల్‌గా (విలువ లేకుండా) ఉంటుంది. లోపలి జాబితాలో అలాంటి నల్ ఒక్కటి ఉన్నా నాట్ ఇన్ ఒక్క వరుసను కూడా చూపదు, అది చూసి అలాంటి ఖాతాలే లేవని మనం నమ్మేస్తాం.

తొలగింపును నడుస్తున్న డేటాబేస్‌లో కాక, బ్యాకప్ నుంచి పునరుద్ధరించిన ప్రతిలో చేయండి, ఆ బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. తీసేయబోయే వరుసలను ముందుగా వేరే టేబుల్‌లోకి కాపీ చేసుకొని, ప్రైమరీ కీ (ప్రతి వరుసను విడిగా గుర్తించే సంఖ్య) క్రమంలో కొన్ని వేల చొప్పున తొలగిస్తూ ప్రతి విడతకూ కమిట్ చేయండి, అంటే మార్పును ఖరారు చేయండి. మీ ఒకే పెద్ద డిలీట్ అంతసేపు పట్టడానికి ఒక కారణం, ప్రతి వరుస పాత రూపాన్నీ, అవసరమైతే మార్పును వెనక్కి తిప్పడానికి, అన్‌డూ లాగ్‌లో రాసిపెట్టవలసి రావడం. మధ్యలో ఆపితే వాటన్నిటినీ వెనక్కి తిప్పడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. షరతులో వాడే కాలమ్‌కు ఇండెక్స్ (వేగంగా వెతకడానికి ఉండే సూచిక) లేకపోతే టేబుల్ మొత్తాన్నీ చదవాల్సి వస్తుంది, అంతేకాక డిఫాల్ట్ ఐసొలేషన్ స్థాయిలో (ఒకేసారి నడిచే పనులను ఒకదాని నుంచి ఒకటి వేరుగా ఉంచే అమరిక) ఇన్నోడీబీ తాను చదివిన వరుసలన్నిటికీ, ఇతరులు మార్చకుండా, లాక్ వేస్తుంది.

ఆన్ డిలీట్ కాస్కేడ్ (ఒక వరుసను తీసేస్తే దాన్ని సూచించే వరుసలనూ తీసేసే ఫారిన్ కీ అమరిక) ఎక్కడెక్కడ ఉందో కూడా ముందే జాబితా రాసుకోండి. ఒక ఖాతాను తీసేస్తే దానితోపాటు ఆర్డర్లు కూడా పోవచ్చు, పైగా మైఎస్‌క్యూఎల్‌లో కాస్కేడ్ ద్వారా జరిగే తొలగింపులకు ట్రిగ్గర్లు (మార్పు జరిగినప్పుడు తమంతట తామే నడిచే ఆదేశాలు) పనిచేయవు కాబట్టి, వాటితో మార్పులను నమోదు చేసే మీ ఆడిట్ టేబుల్‌లో ఆ జాడే ఉండదు.

అడిగినవారు

కాస్కేడ్ సంగతి నాకు తెలియదు, ఇప్పుడే చూస్తాను. అన్నీ సరిగ్గా వచ్చాయని చివరికి ఎలా నిర్ధారించుకోవాలి?

రెండవ సమాధానం

ప్రతి టేబుల్‌కూ పాతదాంట్లోని వరుసల సంఖ్య, కావాలని వదిలేసిన సంఖ్య, కొత్తదాంట్లోకి చేరిన సంఖ్య రాసుకోండి. చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి, ఒక్కటి తేడా వచ్చినా కారణం తెలిసేదాకా ముందుకు వెళ్లకండి. సంఖ్య సరిపోయినా విలువలు మారి ఉండవచ్చు కాబట్టి, ఆర్డర్ల మొత్తం సొమ్మును నెలవారీగా రెండు వైపులా కూడి పోల్చండి. పాత వరుసల్లో సంవత్సరం, నెల, రోజు అన్నీ సున్నాలుగా ఉన్న తేదీలు ఉంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాటిని అంగీకరించదు. అలాంటి వరుసలను చెత్తగా భావించి తీసేయకుండా, తేదీని మాత్రం నల్‌గా మార్చి తీసుకువెళ్లండి.