కబడ్డీలో 'కూత' అన్న మాట గురించి

కబడ్డీ వార్తల్లో 'రైడ్‌కు వెళ్లాడు', 'కూతకు వెళ్లాడు' అనే రెండు ప్రయోగాలూ కనబడుతున్నాయి. రెండింటికీ తేడా ఏముందన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: అవతలి జట్టు మీదికి వెళ్లడం రెండింటిలోనూ ఉంది కానీ, ఆ వెళ్లిన మనిషికీ అంపైరుకూ మధ్య నడిచే వ్యవహారం 'కూత'లోనే ఉంది.

ఆటగాడు అవతలి బరిలో అడుగు పెట్టకముందే 'కబడ్డీ' అనడం మొదలుపెట్టి, తిరిగి తన వైపు చేరేదాకా ఒకే ఊపిరిలో, ఎక్కడా తెగకుండా, అంపైరుకు స్పష్టంగా వినబడేలా అంటూనే ఉండాలి. అదే కూత. పెదవులు కదిలితే చాలదు. కూత ఆలస్యంగా అందుకుంటే అంపైరు అతన్ని వెనక్కి పంపి, ఎదుటి జట్టుకు ఒక పాయింటూ, కూతకు వెళ్లే అవకాశమూ ఇస్తాడు. అవతలి బరిలో ఉండగా కూత తెగితే ఔటే. గుక్క తిప్పుకోలేదని ఆటగాడు అడుగడుగునా ఇచ్చుకునే సాక్ష్యం అది. అందుకే, నడుమూ చీలమండలూ పట్టుబడి నేల మీద పడి మధ్యగీత వైపు చెయ్యి చాపుతున్నవాడు కూడా దాన్ని వదలడు. పట్టినవాళ్లు కావాలని అతని నోరు మూసి కూత ఆపడం నియమవిరుద్ధం. ఆ సాక్ష్యానికి ఆటలో ఎంత విలువ ఉందో ఈ ఒక్క నియమమే చెబుతుంది!

మన భాషలో కోడికీ, కోయిలకూ, రైలుకూ కూత ఉంది. కేక వినబడేంత దూరాన్ని 'కూతవేటు' అంటాం. కూత అనగానే వినే చెవి కూడా స్ఫురిస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

ఇప్పుడు ఒక్కో కూతకు 30 సెకన్ల గడువు వచ్చింది, గడియారం అందరికీ కనబడుతోంది, ఇండోర్ స్టేడియాల హోరులో టీవీ ముందున్న మనకు కూత సరిగా వినబడదు. 'రైడ్' స్థిరపడటానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. పాయింట్ల పట్టికలో 'రైడ్ పాయింట్లు' అని రాయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆట నడిచిన తీరును వర్ణించేటప్పుడు 'కూతకు వెళ్లాడు', 'కూత తెగింది' అనే రాయాలని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే 'రైడ్ తెగింది' అంటే అంపైరు ఎందుకు ఔటిచ్చాడో చదివేవారికి అర్థం కాదు.