కళ్ళు మూసుకుంటే టెన్షన్ ఇంకా పెరుగుతోంది, యోగా నాకు పడదా?

నిద్రపట్టనోడు:
అందరికీ నమస్తే. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు, ఇంట్లో నాన్నకి ఒంట్లో బాలేదు, ఫోన్ తెరిస్తే యుద్ధాల వార్తలు. కాస్త మనశ్శాంతి కోసమని 3 వారాలుగా పొద్దున్నే యోగా మొదలెట్టా. ఆసనాలు వేసినంతసేపూ బానే ఉంటుంది కానీ శవాసనంలో పడుకున్నా ధ్యానానికి కూర్చున్నా అప్పటిదాకా లేని ఆలోచనలన్నీ ఒక్కసారిగా మీద పడిపోతున్నాయి, మొన్నైతే పడుకున్నచోటే కన్నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి, ఎందుకో నాకే తెలీదు. ఏమన్నా తప్పు చేస్తున్నానా?

పాతచాప:
తప్పేం లేదండీ. రోజంతా పనిలో పడి అణిచిపెట్టిందంతా కాస్త ఖాళీ దొరగ్గానే పైకొస్తుంది, నాకూ మొదట్లో ఇదే గొడవ. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం 31వ సూత్రం చూడండి, మనసు చెదిరితే దుఃఖం, దిగులు, ఒళ్ళు వణకడం, ఊపిరి గతి తప్పడం దాని వెంటే వస్తాయని ఉంటుంది. మనల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంది కదా! 34వ సూత్రంలో చెప్పిన ఉపాయం కూడా ఊపిరితోనే, బయటికి వదలడం, నిలపడం. నిలపడం జోలికి ఇప్పుడే వెళ్ళకండి. 4 లెక్కపెడుతూ పీల్చి 6 లెక్కపెడుతూ వదలండి, 5 నిమిషాలు చాలు. నమ్మకం లేకపోతే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి, పీల్చేటప్పుడు కాస్త గబగబా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. చాలామందికి తేడా బాగానే తెలుస్తుంది, కొందరికి అంతగా తెలీదు.

దూకుడు:
ఇవన్నీ ఎందుకు బ్రో, రోజూ కపాలభాతి 10 నిమిషాలు దంచెయ్, టెన్షన్ గింషన్ అన్నీ ఎగిరిపోతాయి

మెల్లగా:
దూకుడు గారూ, అందరికీ అదే మందు అనకండి. అసలే గుండె దడదడలాడుతున్న మనిషి ఊపిరి అంత వేగంగా కొడితే దడ ఇంకా పెరగొచ్చు, బీపీ ఉన్నవాళ్ళూ గర్భిణులూ ఎలాగూ చెయ్యకూడదు. ప్రశ్న అడిగినాయనకి నేనైతే భ్రామరి చెప్తా, నోరు మూసి తుమ్మెదలా మ్‌మ్‌ అంటూ ఊపిరి వదలడమే, ఆ శబ్దం పుర్రెలో మోగుతుంటే మనసుకి పట్టుకోడానికి ఒకటి దొరుకుతుంది. కళ్ళు మూయాలని రూలేం లేదు, సగం తెరిచి నేల మీద ఒకచోట చూపు పెట్టండి. ఇంకోటి, వారాల తరబడి నిద్ర లేకపోయినా ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా డాక్టర్‌కి చూపించుకోండి, యోగా దాని పక్కన నడుస్తుంది, దాని బదులు కాదు.

నిద్రపట్టనోడు:
థాంక్సండీ ఇద్దరికీ. నాడి పట్టుకు చూశా, నిజంగానే తేడా తెలుస్తోంది, అది చూస్తూ చూస్తూ 5 నిమిషాలు ఎలా అయ్యాయో తెలీలేదు. పడుకోవాలంటే మాత్రం ఇంకా భయమే, కూర్చునే చేస్తున్నా. నిన్న భ్రామరి చేస్తుంటే మావాడు పరిగెత్తుకొచ్చి ఈగ ఎక్కడుందని గదంతా వెతికాడు.