డిసెంబరు 20 క్రిస్మస్ కూడిక: వేళ, వంట, కుటుంబ ప్రార్థనలపై వాలంటీర్ల చర్చ

సమన్వయ బాధ్యత (ప్రస్తుతం గుంటూరు నుంచి)

అందరికీ వందనాలు, నమస్కారాలు. అమ్మ కంటి ఆపరేషన్ నిమిత్తం నేను గుంటూరు వచ్చి మూడు వారాలయింది. డిసెంబరు 12న బయలుదేరి అమెరికాలోని మినియాపొలిస్ చేరుకుంటాను కాబట్టి, అంతవరకు మన కూడిక పనులను ఇక్కడినుంచే నడుపుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. హాలు ఖాయమైంది. డిసెంబరు 20 శనివారం నాడు పక్క నగరమైన సెయింట్ పాల్‌లోని చర్చి కింది అంతస్తు ఉదయం 7 గంటల నుంచి సాయంత్రం 6 గంటల వరకు మన చేతిలో ఉంటుంది. ముందుగా తేలవలసినది వేళ. నిరుటిలా సాయంత్రం 5 గంటలకు కాకుండా ఈసారి ఉదయం 9 గంటలకు మొదలుపెడదామని నా ప్రతిపాదన.

నిరుడు జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. వేదిక మీద ఒకరి తరువాత ఒకరుగా ఏడుగురం మాట్లాడాం, ఆ ఏడుగురిలో నేనూ ఒకడిని, నా ప్రసంగం 12 నిమిషాలు దాటింది. పిల్లలు కోట్లు గుట్టగా పోసిన మూలలో దాగుడుమూతలు ఆడుకున్నారు. భోజనాలు రాత్రి 9 తరువాత మొదలయ్యాయి, కార్ల మీద పేరుకున్న మంచు గీకి ఇళ్ళకు చేరేసరికి అర్ధరాత్రి అయింది. ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది మరొకటి ఉంది. అక్కడ సాయంత్రం 5 గంటలంటే ఇక్కడ మర్నాటి తెల్లవారుజామున 4:30. మన అమ్మానాన్నలలో ఒక్కరు కూడా ఆ కూడికను చూడలేదు. మరునాడు ఫోటోలు పంపితే అమ్మ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకుని, "అంతా బాగానే ఉంది గాని, ప్రార్థన ఎవరు చేశారురా?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది, ఎందుకంటే మైకు ముందు ఎవరో చేశారు, మేము తలలు వంచుకున్నాం, అంతవరకే నాకు తెలుసు.

ఈ మూడు వారాలుగా ఇక్కడ రోజూ రాత్రి జరిగేది చూస్తుంటే ఆ ప్రశ్న మళ్ళీ మళ్ళీ గుర్తుకు వస్తోంది. చలికాలంలో గుంటూరులో క్రైస్తవ కుటుంబాల సాయంత్రం ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు. డాబా మీద స్టార్ కట్టి స్విచ్ వేస్తారు, కేరల్స్‌కు వెళ్ళే యవనస్థులు డోలక్ సరిచూసుకుంటూ వీధి మొదట్లో పోగవుతారు, స్త్రీల సమాజం వారు సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందే జరిపే పండుగ) చందా పుస్తకం పట్టుకుని వస్తారు. కానీ ఎనిమిదిన్నరకు టీవీ కట్టేసి చాప పరిచాక మాత్రం ఇంట్లో వాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. చుట్టూ కూర్చున్న వాళ్ళంతా తలా ఒక వచనం చదువుతారు, తరువాత పెద్దవారు ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనలో మనవడి పరీక్షలు, ఎదురింటి వారి అప్పు, మిర్చి ధర, అత్తయ్య మోకాలి నొప్పి అన్నీ వస్తాయి. మా అమ్మ అయితే "అమెరికాలో ఉన్న బిడ్డలను మంచు నుంచి కాపాడు తండ్రీ" అనకుండా ముగించదు. ఇక్కడ మంచు అంటే తెల్లవారుజామున స్కూటరు సీటు మీద చేత్తో తుడిచేసే తడి మాత్రమే. 20 డిగ్రీలకే మఫ్లరు చుట్టుకునే ఆవిడ మనసులో మన మంచు ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ అడగలేదు.

ఉదయం 9 గంటలకు మొదలుపెడితే ఇక్కడ సరిగ్గా రాత్రి 8:30 అవుతుంది. వాళ్ళ చాప మీదికే మనం వెళ్ళి కూర్చున్నట్టు ఉంటుంది. వేదిక ప్రసంగాలు పూర్తిగా తీసేసి, గుంటూరు, విజయవాడల నుంచి ఆరు ఇళ్ళను వీడియోలో కలిపి, ఒకే ఒక్క కుటుంబ ప్రార్థన చేద్దాం. లూకా సువార్త 2వ అధ్యాయంలో 1 నుంచి 20 వరకు ఉన్న ఇరవై వచనాలను, ఒకటి ఇక్కడి పెద్దవారు, తరువాతిది అక్కడి పిల్లలు, ఇలా మార్చి మార్చి చదివితే పది మంది పిల్లలకు తలా ఒక వచనం వస్తుంది. మీ అభిప్రాయాలు రాయండి.

అలంకరణ బాధ్యత

అన్నయ్యగారూ, మీ ఆలోచన బాగుంది గాని నాకు ఒక బెంగ ఉంది. మనకు డిసెంబరులో ఉన్న ఒక్క సౌకర్యమల్లా సాయంత్రం నాలుగున్నర దాటగానే చీకటి పడడం. చీకట్లో వెలిగే స్టార్‌ల కోసమే నిరుడు అంత కష్టపడ్డాం. ఉదయం తొమ్మిదింటికి, బయట నేలంతా తెల్లగా మెరుస్తుంటే, కాగితపు స్టార్ ఎవరికి కనిపిస్తుంది? పైగా అక్కడి పెద్దవాళ్ళ కోసం ఇక్కడి పిల్లలను శనివారం ఉదయాన్నే లేపితే వాళ్ళు రోజంతా చిరాకుగా ఉంటారేమో ఆలోచించండి.

వంట బాధ్యత

తమ్ముడూ, ఉదయం వేళ అంటే నాకు సంతోషమే, ఎందుకంటే పలావును సాయంత్రం వరకు వేడిగా ఉంచే తిప్పలు తప్పుతాయి. ప్రార్థన అయ్యాక ఇడ్లీ, అల్లం పచ్చడి, కాఫీ పెడదాం, భోజనం ఒంటిగంటకు. ఒక విషయం మాత్రం అందరూ గమనించాలి. ఆ రోజు శనివారం, పైగా ధనుర్మాసం. మన తెలుగు అసోసియేషన్‌లోని హిందూ కుటుంబాలలో చాలామంది ఆ రోజు మాంసం ముట్టరు. కాబట్టి గోంగూర పప్పు, గుత్తివంకాయ, పెరుగన్నం వేరే బల్ల మీద, వేరే గరిటెలతో ఉండాలి, వడ్డించేవారు బల్లలు మారకూడదు. నిరుడు ఒకే గరిటె రెండు చోట్ల తిరిగిందని ఒక పెద్దావిడ భోజనం చేయకుండానే వెళ్ళారు. తప్పు మా వంటగదిదే.

అరిసెల సంగతి. గుంటూరు నుంచి కొత్త బియ్యం తెమ్మని నీకు ఇద్దరు ముగ్గురు చెప్పి ఉంటారు, దయచేసి తేవద్దు. నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం తేవడాన్ని అమెరికా నిషేధించింది, దొరికితే చెత్తబుట్టలో వేస్తారు. ఇక్కడి దుకాణంలో దొరికే సోనా మసూరి పాత బియ్యం కాబట్టి ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చి, తడి ఆరకముందే పిండి పట్టి జల్లించుకుంటే సరిపోతుంది. పాకం దగ్గర మాత్రం ఇద్దరు ఉండాలి, ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. హాలు వంటగదిలో నూనె వేపుళ్ళు చేయనివ్వరు, అందుచేత 18వ తేదీ రాత్రి మా ఇంట్లోనే వండుదాం. నీ పెట్టెలో చోటుంటే నూనె పిండడానికి అరిసెల చెక్కలు రెండు జతలు తీసుకురా. గరిటెల వెనకతో నొక్కి నొక్కి మా చేతులు కాలుతున్నాయి.

పిల్లల కార్యక్రమాలు, పశువుల పాక

వందనాలు. మాది విజయవాడ, గుణదల కొండ దగ్గరే. మేము కతోలికులం కాబట్టి ఒక మాట ముందుగానే చెప్పడం మంచిదని రాస్తున్నాను. మనలో లూథరన్ వారు ఉన్నారు, బాప్టిస్టు వారు ఉన్నారు, పెంతెకొస్తు సంఘాల వారు ఉన్నారు, మేము ఉన్నాం. ఎవరి ఆరాధన క్రమం వారికి ఉంది. ఈ కూడిక ఏ ఒక్క సంఘం ఆరాధనలాగా మారినా మిగిలినవారు అతిథుల్లా కూర్చోవలసి వస్తుంది. కుటుంబ ప్రార్థన అయితే ఆ ఇబ్బంది లేదు, మా ఇంట్లో జపమాల చెబుతారు, మీ ఇంట్లో కీర్తన పాడతారు, లూకా సువార్త మాత్రం అందరి ఇళ్ళలోనూ ఒకటే. అందువల్ల ఉదయం వేళకే నా ఓటు.

యేసు పుట్టుకను చూపే పశువుల పాకకు వరిగడ్డి కావాలని మా పిల్లలు గొడవ చేస్తున్నారు, బియ్యానికే ప్రవేశం లేనప్పుడు వరిగడ్డికి అసలే ఉండదు. ఇక్కడి తోట సామాను దుకాణంలో గోధుమ గడ్డి మోపు తీసుకుంటాను. కొవ్వొత్తులన్నీ బ్యాటరీవే, గడ్డి పక్కన నిజం కొవ్వొత్తి పెట్టే సాహసం చేయలేను. మరొక చిన్న మనవి కూడా ఉంది. గుణదలలో 1924లో లూర్దు మాత స్వరూపం ప్రతిష్ఠించారు, ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు తిరునాళ్ళు జరుగుతాయి. మాకు చలికాలం ముగిసినట్టు లెక్క ఆ కొండ దిగాకే. ఆ వారంలో వచ్చే శనివారం మా ఇంట్లో భోజనానికి రమ్మని అందరినీ మన కూడిక రోజునే పిలుచుకుంటాను, అభ్యంతరం లేకపోతే ఒక్క నిమిషం ఇవ్వండి.

పార్కింగు, పెద్దల బాధ్యత

నమస్కారమండి. మాది గుంటూరు బ్రాడీపేట. చిన్నప్పుడు క్రిస్మస్ నాటి మధ్యాహ్నం పక్కింటి నుంచి మూత పెట్టిన స్టీలు పళ్ళెంలో అరిసెలు, కారప్పూస, కేకు ముక్కలు వచ్చేవి. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని అమ్మ దానిని దాచి, సంక్రాంతికి మా అరిసెలు పెట్టి పంపేది. ఆ పళ్ళెం ఎవరిదో మా చెల్లెలికి చాలా కాలం తెలియలేదు, మాదే అనుకునేది. అందువల్ల ఈ కూడిక మాకు కొత్త కాదు. అయితే ప్రార్థన సమయంలో మా వంటి కుటుంబాలు లోపలే కూర్చోవచ్చా, కాఫీల దగ్గర ఉండడం మర్యాదా అన్నది నిరుడు ఎవరూ చెప్పలేదు, మేము తలుపు దగ్గర అటూ ఇటూ కాకుండా నిలబడ్డాం. ఈసారి ముందే చెబితే బాగుంటుంది. మా అమ్మాయి మన తెలుగు తరగతిలో చదవడం నేర్చుకుంది, తనకూ ఒక వచనం కావాలంటోంది. అది కుదురుతుందో లేదో నాకు తెలియదు, అడగమంది కాబట్టి అడుగుతున్నాను.

నా పనుల విషయానికి వస్తే, ఉదయం వేళ పెద్దవారికి ఒక ప్రమాదం ఉంది. రాత్రి గడ్డకట్టిన నీరు తొమ్మిదింటికి ఇంకా కరగదు. నేను 7 గంటలకే వెళ్ళి మెట్ల మీద, కార్లు ఆగే చోట ఉప్పు చల్లుతాను. చీరలు కట్టుకుని చెప్పులతో వచ్చే అమ్మలను తలుపు దగ్గరే దించి, తరువాత కారు నిలపండి. కోట్లకు చక్రాల స్టాండ్లు రెండు అద్దెకు తెస్తాను.

సమన్వయ బాధ్యత (గుంటూరు నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. వచ్చిన మాటలను బట్టి ఉదయం 9 గంటలే ఖాయం చేస్తున్నాను. అలంకరణ చెల్లెమ్మ బెంగకు నా సమాధానం ఇది: మన హాలు నేలకింది అంతస్తు, ఉన్నవి రెండు చిన్న కిటికీలు. వాటికి నల్ల గుడ్డ కట్టి దీపాలు ఆర్పితే తొమ్మిదింటికీ స్టార్‌లు వెలుగుతాయి. పట్నం బజారులో మడిచి పెట్టుకోగలిగిన కాగితపు స్టార్‌లు ఒక డజను కొన్నాను. 23 కిలోల పెట్టెలో వాటికీ, అక్కయ్యగారి అరిసెల చెక్కలకూ చోటుంది. పిల్లల నిద్ర సంగతి నిజమే, దానికి మాత్రం నా దగ్గర మందు లేదు, ముందు రోజు రాత్రి తొందరగా పడుకోబెట్టమని తల్లిదండ్రులను వేడుకోవడమే.

బ్రాడీపేట అన్నగారికి: నిరుడు మిమ్మల్ని తలుపు దగ్గర నిలబెట్టిన తప్పు నాది. అందరూ లోపలే, చాపల మీదే కూర్చుంటారు. ప్రార్థనలో పాలుపంచుకోవడం, ఊరకే కూర్చోవడం ఎవరి ఇష్టం వారిది, కళ్ళు మూసుకోమని ఎవరూ ఎవరికీ చెప్పరు. మీ అమ్మాయికి 16వ వచనం ఇస్తున్నాను. గొల్లలు త్వరపడి వెళ్ళి తొట్టిలో శిశువును చూసే ఘట్టం, మాటలు తేలికగా ఉంటాయి. గుణదల పిలుపుకు ఒక నిమిషం కాదు, రెండు నిమిషాలు తీసుకోండి.

హాలు ఇచ్చిన చర్చి పాస్టరు గారు మన గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగారు. ప్రసంగాలు వద్దన్నది నేనే అయినా దీనిని కాదనలేను, ఎందుకంటే చెప్పవలసిన కథ వారిదీ మనదీ కూడా. 1842 జులై 31న గుంటూరు చేరి ఇక్కడ లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్, 1857లో మన ఊరు విడిచిన తరువాత వెళ్ళింది ఇప్పుడు మనం ఉంటున్న మినసోటా రాష్ట్రానికే. 1860లో సెయింట్ పాల్‌లో ఏర్పడిన, లూథరన్ సంఘాల సమాఖ్య అయిన మినసోటా సినడ్‌కు మొదటి అధ్యక్షుడు ఆయనే. 1869లో, 76 ఏళ్ళ వయసులో, మళ్ళీ ఓడెక్కి రాజమండ్రి మిషన్ కోసం మన గడ్డకు వచ్చాడు. గుంటూరు ఎండా మినసోటా చలీ రెండూ ఎరిగిన ఆ ముసలాయన సంగతి మూడు నిమిషాల్లో చెప్పి కూర్చుంటాను. మించితే అక్కయ్యగారు గరిటెతో బల్ల మీద కొట్టవచ్చు.

ఇక వీడియో పని. ఆరు ఇళ్ళలో ప్రతి చోటా ఫోను పట్టుకోవడానికి ఒక కుర్రవాడు ఉండాలి, కరెంటు పోయినా నడిచేలా ఫోన్లు నిండుగా చార్జి చేసి ఉంచాలి. 13వ తేదీ శనివారం అదే వేళకు ఒకసారి ప్రయత్నించి చూద్దాం. ముగింపు ప్రార్థన కొత్తపేటలోని మన అమ్మమ్మగారు చేస్తారు, ఆరు ఇళ్ళలోకీ ఆవిడే పెద్ద. ఎంతసేపు చేసినా ఎవరూ గడియారం చూడకూడదు. పిల్లల వచనాల జాబితా రేపు విడిగా పంపుతాను, తెలుగు చదవడం రానివారికి రోజుకు నాలుగు మాటల చొప్పున నోటికి నేర్పండి. ఇక్కడి పెద్దల జాబితా పూర్తయింది. అమ్మకు కళ్ళద్దాలు శుక్రవారం వస్తాయి, ఆవిడకు 19వ వచనం పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను.