కిటికీ హ్యాండిల్ మార్చేటప్పుడు ఏయే కొలతలు చూసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంట్లో బయటికి తెరుచుకునే యూపీవీసీ కిటికీలు ఉన్నాయి. పడకగది కిటికీ హ్యాండిల్ కొంతకాలంగా వదులుగా ఉంటూ వచ్చి, ఇప్పుడు తిప్పితే ఊరికే తిరుగుతోంది తప్ప లోపలి లాక్ కదలడం లేదు. వంటగది కిటికీ పరిస్థితి దీనికి తలకిందులు. అది బిగుసుకుపోయి, రెండు చేతులతో బలంగా తిప్పితే గాని లాక్ పడటం లేదు. మా అమ్మగారికి వేళ్ల కీళ్ల నొప్పులు ఉండటం వల్ల ఆవిడ ఆ కిటికీ జోలికి వెళ్లడమే మానేశారు. అందుచేత రెండింటికీ కొత్త హ్యాండిళ్లు కొనాలనుకుంటున్నాను.

చూడటానికి హ్యాండిళ్లన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి బిగించవచ్చా, లేక ముందుగా కొలవాల్సినవి ఏమైనా ఉన్నాయా? జింకు మిశ్రమం, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు వీటిలో ఏది ఎక్కువ కాలం మన్నుతుంది? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి తాళంచెవి ఉన్న రకం తీసుకోవడం మంచిదా? వీటితో పాటు ఒక పాత చెక్క కిటికీ కూడా ఉంది; దాని ఇత్తడి పిడి స్క్రూలు ఎన్నిసార్లు బిగించినా మళ్లీ ఊడి వస్తున్నాయి. ఈ పనులన్నీ ఇంట్లో వాళ్లం చేసుకోగలిగినవేనా, అన్నది కూడా తెలియజేయగలరు.

మొదటి సమాధానం (కిటికీలు బిగించే వృత్తిలో ఉన్నవారు)

మీరు చెప్పిన రెండు కిటికీల సమస్యా ఒకటి కాదండి. పడకగది కిటికీకి కొత్త హ్యాండిల్ వేస్తే సరిపోవచ్చు. వంటగది కిటికీకి మాత్రం హ్యాండిల్ ఒక్కటే మార్చితే డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. కిటికీ బిగుసుకుపోయినప్పుడు తప్పు చాలావరకు హ్యాండిల్‌లో ఉండదు. రెక్క అంచులో దాగి ఉన్న లాక్‌లోనో, రెక్క కిందికి వాలడంలోనో ఉంటుంది. ఆ లోపం అలాగే ఉండగా కొత్తది బిగిస్తే, దాని మీద కూడా అంతే బలం పడి, కొన్నాళ్లకు అది కూడా మెడ దగ్గర విరుగుతుంది.

కాబట్టి ఏదీ కొనకముందే ఒక చిన్న పరీక్ష చేయండి. వంటగది కిటికీని తెరిచి, రెక్క ఫ్రేముకు తగలకుండా ఉన్నప్పుడు హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. అప్పుడు తేలికగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే బిగుసుకుంటే హ్యాండిల్‌లోనూ లాక్‌లోనూ లోపం లేనట్టే. రెక్క తన స్థానం తప్పింది. తెరిచి ఉన్నప్పుడు కూడా బిగుతుగానే ఉంటే హ్యాండిల్ విప్పి, దాన్ని విడిగా చేతిలో పట్టుకుని తిప్పండి. అది సాఫీగా తిరిగితే లోపం లాక్ తాలూకు గేర్ బాక్స్‌లో ఉన్నట్టు. దాని కదిలే భాగాల మీద రెండు మూడు చుక్కల పలుచని మెషిన్ ఆయిల్ వేసి కొన్నిసార్లు తిప్పితే చాలాసార్లు దారిలోకి వస్తుంది, రాకపోతే గేర్ బాక్స్ మార్చాలి. నూనె చుట్టూ ఉన్న రబ్బరు గ్యాస్కెట్‌కు అంటకుండా చూసుకోండి, ఎందుకంటే పెట్రోలియం నూనెలు, గ్రీజులు తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. గ్యాస్కెట్‌కు సిలికోన్ స్ప్రే వాడవచ్చు.

ఇక పడకగది కిటికీ. ఈ రకం హ్యాండిల్ అడుగు నుంచి స్పిండిల్ అనే చదరపు కడ్డీ ఒకటి బయటికి వస్తుంది. అది గేర్ బాక్స్‌లోని చదరపు రంధ్రంలో దూరి లాక్‌ను నడిపిస్తుంది. హ్యాండిల్ ఊరికే తిరుగుతోందంటే ఆ కడ్డీ హ్యాండిల్ లోపలే తెగి ఉండాలి, లేదా దాని కొస అరిగి ఉండాలి, లేదా గేర్ బాక్స్ రంధ్రం అరిగి ఉండాలి. విప్పాక కడ్డీ కొసను వెలుతురులో పట్టి చూడండి. నాలుగు అంచులూ పదునుగా ఉన్నాయా, లేక మూలలు గుండ్రబడి మెరుస్తున్నాయా అన్నది కంటికే తెలుస్తుంది. మెరుపు చివరి నాలుగైదు మిల్లీమీటర్ల మేరకే ఉంటే, ఆ కడ్డీ మొదటి నుంచీ పొట్టిదనీ, కొస మాత్రమే రంధ్రాన్ని అందుకుంటూ వచ్చిందనీ అర్థం. అలాంటప్పుడు పాత కొలతకే కొత్తది తెస్తే అదే కథ మళ్లీ మొదలవుతుంది. కాస్త పొడవైనది తీసుకోవాలి.

కొలతల్లో మొదటిది ఆ స్పిండిల్ పొడవు. హ్యాండిల్ అడుగు పళ్లెం నుంచి కడ్డీ కొస వరకు కొలవాలి, హ్యాండిల్ లోపల ఉన్న భాగాన్ని కలపకూడదు. ఈ పొడవు 10 మిల్లీమీటర్ల నుంచి 55 మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా దొరుకుతుంది. కడ్డీ మందం సాధారణంగా 7 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడవు ఎక్కువైతే హ్యాండిల్ అడుగు రెక్కకు ఆనదు. అప్పుడు స్క్రూలతో బలవంతంగా లాగి ఆనించవద్దు, కడ్డీని హ్యాక్సాతో కోసి, అంచులను ఆకురాయితో నున్నగా చేసి వేయండి. రెండోది స్క్రూ రంధ్రాల మధ్య దూరం. ఒక రంధ్రం కేంద్రం నుంచి ఇంకొకదాని కేంద్రం వరకు కొలిస్తే ఇది ఎక్కువ హ్యాండిళ్లలో 43 మిల్లీమీటర్లు వస్తుంది. మూడోది వాటం: హ్యాండిల్ తిన్నగా ఉంటే ఏ వైపు రెక్కకైనా సరిపోతుంది, మెడ పక్కకు వంగి ఉంటే ఎడమ, కుడి వేరువేరుగా ఉంటాయి.

విప్పినప్పుడు అసలు స్పిండిలే కనిపించక, హ్యాండిల్‌కు ముక్కులాంటి కొస ఉండి అది ఫ్రేము మీద ఉన్న ముక్కను పట్టుకుంటుంటే అది వేరే రకం. దానికి ఆ ముక్కు ఎత్తు కొలవాలి. 9 మిల్లీమీటర్లు, 21 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపించేవి. లోపలికి తెరుచుకోవడంతో పాటు పైభాగం వాలే కిటికీలైతే హ్యాండిల్ సగం చుట్టు తిరగాలి: కిందికి ఉంటే మూత, అడ్డంగా ఉంటే తెరుపు, పైకి ఉంటే వాలుపు. పావు చుట్టు మాత్రమే తిరిగే హ్యాండిల్ రంధ్రాలు కుదిరినా అక్కడ పనికిరాదు.

మార్చడం కష్టమేమీ కాదు. స్క్రూలు చిన్న ప్లాస్టిక్ మూతల కింద గాని, అడుగు పళ్లెం మీది తొడుగు కింద గాని దాగి ఉంటాయి. తొడుగు ఉంటే హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పి, దాన్ని కొద్దిగా పైకి లేపి పక్కకు తిప్పితే స్క్రూ తలలు బయటపడతాయి. కొత్త హ్యాండిల్‌తో వచ్చిన స్క్రూలను పాతవాటి పక్కన పెట్టి పొడవు సరిచూడండి, ఎందుకంటే ఎక్కువ పొడవైన స్క్రూ లోపలి గేర్ బాక్స్‌కు తగిలి దాన్ని కదలనివ్వదు. చివరగా మరీ బిగించవద్దు. బిగించాక హ్యాండిల్ బరువెక్కినట్టు అనిపిస్తే స్క్రూలను పావు చుట్టు వదిలి చూడండి.

రెండో సమాధానం

కొలతల గురించి పైవారు చక్కగా వివరించారు కాబట్టి నేను లోహాల సంగతి మాత్రమే రాస్తాను. దుకాణంలో చాలామంది బరువును చూసి నాణ్యతను నిర్ణయించుకుంటారు, అది సరైన పద్ధతి కాదు. జింకు మిశ్రమం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 6.6 గ్రాములు, అల్యూమినియంది 2.7 గ్రాములు. అందువల్ల ఒకే కొలతలో జింకు హ్యాండిల్ ఎప్పుడూ బరువుగానే ఉంటుంది. ఆ బరువు లోహం స్వభావమే గాని బలానికి గుర్తు కాదు. అలాగని జింకు మిశ్రమాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఇంటి లోపలి వైపు, తడి తగలని చోట, పైపూత బాగున్న జింకు హ్యాండిల్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పూత లేచిపోయిన చోట తేమ చేరితే మాత్రం తెల్లటి పొడిలా తుప్పు పట్టి, పూత పొక్కులుగా లేస్తుంది.

ఇల్లు సముద్రానికి దగ్గరలో ఉంటే లెక్క మారుతుంది. ఉప్పు గాలిలో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా గోధుమ రంగు మచ్చలు వస్తాయి. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండటం వల్ల అది ఉప్పును బాగా తట్టుకుంటుంది. యూరప్‌లో ఈ సామగ్రి తుప్పును ఎంత తట్టుకుంటుందో ఈఎన్ 1670 అనే ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. ఉప్పునీటి తుంపరలో 3వ శ్రేణికి 96 గంటలు, 4వ శ్రేణికి 240 గంటలు, 5వ శ్రేణికి 480 గంటలు నిలవాలి. పెట్టె మీద ఆ శ్రేణి ముద్రించి ఉంటే పై మెరుపు కన్నా దాన్నే నమ్మండి.

అయస్కాంతంతో పరీక్షించేవారికి ఒక మాట. నికెల్ పూత వేసిన మామూలు ఇనుము అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది, 304, 316 రకాలు దాదాపు అంటుకోవు. కానీ జింకు, అల్యూమినియం కూడా అంటుకోవు కదా. అందుచేత అయస్కాంతం అంటుకోనంత మాత్రాన అది స్టెయిన్‌లెస్ స్టీలే అనుకోకూడదు.

మూడో సమాధానం

పిల్లలున్న ఇంట్లో తాళంచెవి హ్యాండిల్ మంచిదే, కానీ అదొక్కటే చాలదు. కిటికీ మూసి తాళం వేసినంతసేపే అది కాపాడుతుంది. గాలి కోసం తెరవగానే దాని పని ముగుస్తుంది. పిల్లలు జారిపడే ప్రమాదం తెరిచి ఉన్నప్పుడే కాబట్టి, రెక్క 100 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోకుండా ఆపే చిన్న గొలుసునో, తీగ బిగింపునో విడిగా పెట్టించండి. దాన్ని ఫ్రేముకూ రెక్కకూ లోపల ఉన్న ఇనుప బద్దీలోకి దిగేలా స్క్రూ చేయాలి. ఉత్తి ప్లాస్టిక్‌లోకి దిగిన స్క్రూ పిల్లవాడి బరువుకు ఊడి రావచ్చు.

అదే సమయంలో నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఆ కిటికీయే అయితే, తాళంచెవి ఎక్కడుందో ఇంట్లోని పెద్దలందరికీ తెలియాలి. కిటికీ పక్కనే, పిల్లలకు అందని ఎత్తులో, ఎప్పుడూ ఒకే మేకుకు తగిలించండి. సొరుగులో పడేస్తే పొగలో వెతుక్కునే వ్యవధి ఉండదు. కొన్ని హ్యాండిళ్లకు చెవి బదులు నొక్కుడు బొత్తాం ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకునే తిప్పాలి. మీ అమ్మగారి వంటివారికి అది మరింత ఇబ్బంది. ఆవిడకు పిడి భాగం పొడవుగా, లావుగా ఉన్నది చూడండి. పొడవు పెరిగిన కొద్దీ తక్కువ బలంతో తిరుగుతుంది, లావుగా ఉంటే వేళ్లను పూర్తిగా ముడవనక్కరలేదు.

నాలుగో సమాధానం (వడ్రంగం తెలిసినవారు)

చెక్క కిటికీ స్క్రూలు నిలవకపోతే చాలామంది ఇంకాస్త లావు స్క్రూ దించుతారు. ఇత్తడి పిడి రంధ్రంలో ఆ లావు స్క్రూ తల పూర్తిగా కూర్చోదు, పైగా కిటికీ చెక్క సన్నగా ఉంటే చీలుతుంది. దానికన్నా పాత బెజ్జాన్ని శుభ్రం చేసి, గట్టి చెక్క పుల్లలను జిగురులో ముంచి బెజ్జం నిండేలా కొట్టండి. ఒక రోజు ఆరనిచ్చి, పైకి వచ్చినదాన్ని ఉలితో సమం చేసి, స్క్రూ కన్నా సన్నని బెజ్జం కొత్తగా వేయండి. ఇత్తడి స్క్రూ మెత్తన కాబట్టి నేరుగా గట్టి చెక్కలోకి దించితే తల తెగిపోవచ్చు. అదే కొలత ఉన్న స్టీలు స్క్రూను ముందు దించి, దారి ఏర్పడ్డాక తీసేసి, ఆ దారిలో ఇత్తడిది బిగించండి. కొసకు కొంచెం మైనం రాస్తే ఇంకా సాఫీగా దిగుతుంది. చెక్క మెత్తబడి గోరు దిగుతుంటే మాత్రం పుల్లలు పనిచేయవు. ఆ భాగం కోసేసి కొత్త ముక్క అతకాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే పరీక్షించాను. వంటగది కిటికీ తెరిచి ఉన్నప్పుడు హ్యాండిల్ ఒక్క వేలితో తిరుగుతోంది, మూసినప్పుడే బిగుసుకుంటోంది. రెక్క కింది మూల ఫ్రేముకు రాసుకున్న గుర్తు కూడా ఉంది. పడకగది హ్యాండిల్ స్పిండిల్ కొస మూలలు గుండ్రబడ్డాయి, గేర్ బాక్స్ రంధ్రం మాత్రం చదరంగానే ఉంది. వాలిన రెక్కను నేనే సరిచేయగలనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

పడకగదికి పొడవైన స్పిండిల్ ఉన్న హ్యాండిల్ తెచ్చుకుంటే చాలునండి. కొనేటప్పుడు హ్యాండిల్ రెక్క నుంచి ఎంత ముందుకు పొడుచుకు వస్తుందో కూడా చూసుకోండి. లోపలి వైపు దోమతెర జరిపే కిటికీ అయితే ఎత్తైన హ్యాండిల్ తెరకు తగిలి, తెర పూర్తిగా మూసుకోదు.

వంటగది రెక్క విషయంలో ముందుగా పైనా కిందా రెక్కను ఫ్రేముకు కలిపి ఉంచే ఫ్రిక్షన్ స్టే పట్టీల స్క్రూలను చూడండి. వదులైతే బిగించండి. కొన్నిసార్లు అంతటితోనే రెక్క పైకి లేస్తుంది. పట్టీ కీళ్లే అరిగి ఊగుతుంటే రెండు పట్టీలనూ జతగా మార్చాలి, అదే పొడవు, అదే ఎత్తు ఉన్నవి తేవాలి. అవి బాగుండీ రెక్క వాలితే, గాజు చుట్టూ సందులో పెట్టిన ప్యాకర్లు అనే చిన్న ప్లాస్టిక్ బిళ్లలు జారినట్టు లెక్క. రెక్క బరువును పట్టీల వైపు కింది మూలకూ, దానికి ఎదురుగా ఐమూలగా ఉన్న పై మూలకూ ఆనించేలా వాటిని మళ్లీ సర్దాలి. పట్టీల పని మీరు చేసుకోవచ్చు, కిటికీ పై అంతస్తులో ఉంటే మాత్రం రెక్కను పట్టుకోవడానికి ఇంకొకరు తప్పకుండా ఉండాలి. ప్యాకర్ల పనికి గాజు చుట్టూ ఉన్న బీడింగ్ తీయాలి, గాజు వదులవుతుంది, కాబట్టి దాన్ని పనివారికి అప్పగించండి. రెక్క తిన్నగా కూర్చున్నాక పాత హ్యాండిల్‌తోనే అమ్మగారి చేత ఒకసారి తిప్పించి చూడండి. ఆవిడకు అప్పటికీ కష్టమనిపిస్తేనే పొడవైన పిడి ఉన్నది కొనండి.